తెరమీద మా జిల్లాలు

మొన్నటి వానకాలమున మేము మా యింటివారితోను ఇరుగుపొరుగువారితోను గూడి వారమున కొకటి చొప్పున అయిదు చిత్రములను జూచితిమి. ఇవి యన్నియు గ్రొత్తవి గావు, ఒక్క కాలమునకు జేరినవియు గావు. మిక్కిలి పాతది 1982లో వచ్చినది; కడపటివి రెండును 2023 మార్చి మాసమున విడుదలయైనవి. అయినను వీని నొక్కచోట జేర్చుటకు గారణము గలదు. నాలుగింటి కథ మా సీమలో బుట్టినది. అయిదవదాని కథ వంటిది మా సీమ ముసలివారు కన్నులార జూచినది. మా సీమ యనగా గోదావరికి దక్షిణమున గరీంనగరమును, ఉత్తరమున ఆదిలాబాదును. 2016 అక్టోబరులో ఈ రెండింటినుండి ఎనిమిది జిల్లా లేర్పడినవి, కొన్ని మండలములు పొరుగు జిల్లాలలో గలిసినవి. కాని పెండ్లిసంబంధములు మాటలాడునప్పుడు మావారికి నేటికిని అవి రెండే.

మా చిన్ననాడు తెలుగు చిత్రములలో మా యాస వినబడెనేని, ఆ మాటలాడువాడు దొంగయో, త్రాగుబోతో, కథానాయకుని వెంట దిరుగుచు నవ్వించు సేవకుడో యని కన్నులు మూసికొని చెప్పవచ్చును. నాయకుడును నాయికయు కృష్ణా గోదావరీ మండలముల మాటలాడెడివారు. సినిమా చూచి యింటికి వచ్చిన పిల్లలు తల్లి మాటను వెక్కిరించుటయు మేమెరుగుదుము. నే డా స్థితి మారినది. మా యాసలో నాయకుడు ప్రేమించుచున్నాడు, ఏడ్చుచున్నాడు, చచ్చిపోవుచున్నాడు. ఇందులకు మేము సంతోషించుచున్నాము. అయితే మాటకు దొరకిన మన్నన ఆ మాటలాడు మనుష్యులకు గూడ దొరకినదా యను సందేహము మాత్రము అయిదు వారములును మమ్ము వదలలేదు.

ముందుగా ‘బలగము’. దీని దర్శకులు వేణు ఎల్దండిగారు. సిరిసిల్ల ప్రాంతపు పల్లెజీవనము వారికి చేతిరేఖలవలె దెలియును. కథ చిన్నది. కొమురయ్య యను వృద్ధుడు మరణించును. ఆయన మనుమడు సాయిలు అప్పులలో మునిగి, రాబోవు కట్నముతో వానిని దీర్చుకొనవలెనని పెండ్లి కొప్పుకొన్నవాడు. ఆ పెండ్లికి తాత చావు అడ్డుపడినది. మూడవనాడు పెట్టిన పిండమును కాకి ముట్టదు. చచ్చినవాని కోరిక యేదో తీరలేదని యూరివారందురు. ఇంటి యాడుబిడ్డ యిరువదియేండ్లుగా బుట్టింటి గడప ద్రొక్కలేదు. విందునాడు అల్లునికి నల్లిబొక్క వేయలేదను మాటతో మొదలైన పంతమది. అన్నదమ్ములకును సరిపడదు. పదకొండవనాటికి గాకి ముట్టకున్న నేమగునో యని పంచాయతీ బెదరించును. కడపట బుడగజంగముల పాట విని యందరును గరగిపోవుదురు, కాకి వచ్చి వ్రాలును.

మేము పిండమును గాకి ముట్టుటచేత బితరులు తృప్తులగుదురని నమ్మువారము గాము. కావున ఈ చిత్రమును జూడ గూర్చున్నప్పుడు కొంత జంకుతోనే కూర్చుంటిమి. చూచినపిమ్మట మా యభిప్రాయ మిది: దర్శకుడు కాకిని నమ్ముటకంటె గాకి పేరు జెప్పి మనుష్యులను నిలదీయుటయే యెక్కువగా జేసినాడు. ముద్ద ముందు నిలిచిన కుటుంబములో నొక్కొక్కరి ముఖమును జూపినప్పుడు తమ తప్పు తమకు దెలిసియు బైకి జెప్పని వారి నెందరినో మేము గుర్తుపట్టితిమి. పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు పాడిన కడపటి పాటవేళ మా చావడిలో గన్నీరు పెట్టనివారు లేరు. ఆ పాట యే చిత్రసంగీతకారుడును గూర్చలేని వరుసలో నుండెను. చావింట రాత్రి కూర్చున్న యూరిజనమునకు దెలిసిన వరుస యది. మొగిలయ్యగారు 2024 డిసెంబరులో గతించిరి. బ్రదికిన కాలమంతయు నూరూర దిరిగి పాడిన ఆ దంపతుల పేరు దేశమునకు దెలిసినది ఈ యొక్క చిత్రముచేతనే.

2023 ఏప్రిలులో బల్లెపల్లెను బడి ముందో, గ్రామపంచాయతి ముందో తెర కట్టి ఈ చిత్రమును జూపిరి. ఒగ్గుకథకును చిందు భాగవతమునకును ఊరంతయు నొక్కచోట గూర్చుండుట మావారికి గ్రొత్తగాదు గాని, సినిమాకు అట్లు కూర్చుండుట చాలకాలమునకు జరిగినది. నిర్మల్ ప్రాంతమున విడిపోయిన యన్నదమ్ములు దీనిని జూచి కలిసిరని పత్రికలు వ్రాసెను. ఉపన్యాసములతో మేము చేయలేని పని యొక సినిమా చేసినదని యొప్పుకొనుటకు మాకు సిగ్గులేదు.

ఇంతవరకు మెప్పు. ఇక మాకు మింగుడుపడని సంగతులు. వరకట్న నిషేధ శాసనము 1961లో వచ్చినది. అరువదియేండ్లు దాటినపిమ్మట వచ్చిన ఈ చిత్రములో నాయకుడు కట్నముతో నప్పు తీర్చుకొన జూచుట నవ్వులాటగా గడచిపోయినది. పెండ్లి చెడిపోయినందుకు మనము వానిని జూచి జాలిపడవలెను. తప్పించుకొన్న పిల్ల యదృష్టమును గూర్చి యొక్కమాటయు లేదు. చావింట మూడవనాడును, అయిదవనాడును, పదకొండవనాడును మాంసమునకును గల్లునకును సారాయికిని పెట్టు వ్యయము పాలిచ్చు బఱ్ఱెను అమ్మించిన కుటుంబములు మా యెరుకలో నున్నవి. చిత్రము ఆ వ్యయమును జూపినది గాని లెక్క వేయలేదు. పంచాయతీ బెదరింపును సయితము వానయెండలవలె సహజమైనదిగానే జూపినది. వెలి యనునది మా పల్లెలలో నేటికిని జావలేదు. దాని బాధపడినవాడు దానిని జూచి నవ్వలేడు.

నాటి రాత్రి చిత్రము ముగిసి దీపములు వేసినపుడు అందరును గన్నులు దుడుచుకొనుచుండిరి. మా మేనత్త మాత్రము గోడకు జేరగిలబడి యూరకుండెను. ఆమెకు డెబ్బది దాటినవి; చొప్పదండి వైపు ఇచ్చినారు. కొంతసేపటికి ఆమె యనెను: “కాకి ముట్టింది, మంచిదే. ఆడిబిడ్డ పాలు సంగతేమాయె?”

మా పెద్దబాపు నవ్వి, “పెండ్లినాడే ఇచ్చినం గదనే చెల్లె, కట్నం” అనెను.

“ఇచ్చింది ఆయనకు గదన్నా. నా చేతిల ఏం వెట్టిన్రు?”

ఎవ్వరును మాటలాడలేదు. ఇంటిలోని చిన్నకోడలు లేచి చాయ పెట్టుటకు బోయినది.

ఈ ప్రశ్న చిత్రమునకు వెలుపలిది యని కొందరనవచ్చును. మేమట్లు తలపము. కుటుంబములో గలిగిన చీలికకు నల్లిబొక్క కారణమని చెప్పుట కథకు సొగసే. కాని మేము చూచిన పది కలహములలో నెనిమిదింటికి బొక్క క్రింద భూమి యుండును. భూమిని గూర్చి పైకి బలుకుట మర్యాద గాదు కనుక బొక్కను గూర్చి బలుకుదురు. ఆడుబిడ్డ యలిగినదనిన నూరంతయు నోదార్చును. పాలడిగినదనిన నదే యూరు ఆశపోతనును. శాసనము మాట చెప్పవలెననిన, 1956 నాటి హిందూ వారసత్వ శాసనము పిత్రార్జితమైన యుమ్మడి యాస్తిలో గూతురికి గొడుకుతో సమానమైన జన్మహక్కు నీయలేదు. రామారావుగారు ముఖ్యమంత్రిగా నున్నప్పుడు ఆంధ్రప్రదేశములో దానిని సవరించి, 1985 సెప్టెంబరు 5 నుండి యా హక్కు కల్పించిరి. అయితే అంతకు బూర్వమే పెండ్లియైన కూతుండ్రను విడిచిపెట్టిరి. 2005 సెప్టెంబరు 9 నుండి అమలులోనికి వచ్చిన కేంద్రసవరణ పెండ్లియైనవారిని గూడ జేర్చుకొన్నది. 2004 డిసెంబరు 20కి ముందే సక్రమముగా రిజిస్టరైన పంపకములను మాత్రము కదలింపదు. శాసనము రెండడుగులు నడచుటకు ఇరువదియేండ్లు పట్టినది. మా పెద్దబాపు మరునాడు ప్రొద్దున పాత పెట్టె దీసి పహాణీ నకలు వెదకుచుండుట జూచితిమి. రిజిస్టరైన కాగిత మున్నదో లేదో ఇంకను దేలలేదు. చిత్రము జూచినందులకు మా యింట గలిగిన ఫల మిది, కన్నీటికంటె దీనినే మేము గొప్పగా నెంచుచున్నాము.

కట్నము మాట వచ్చినందున రెండవ వారము ‘దాసి’ని జూచితిమి. బి. నరసింగరావుగారి ఈ చిత్రము 1988 సంవత్సరపు జాతీయ పురస్కారములలో నయిదింటిని బొందినది. కమలాక్షి వేషము ధరించిన అర్చనగారికి ఉత్తమనటి బహుమతి వచ్చినది. నైజాము కాలమున దొర కూతురిని గాపురమునకు బంపునపుడు పశువులతోను బాత్రసామగ్రితోను గూడ నొక పేదపిల్లను బంపుట యుండెను. ఆడబాప యని పిలుచుచు నామెను రాత్రియు బగలును వాడుకొనెడివారు. ఆమె కడుపున బడ్డ శిశువు పుట్టవలెనా వలదా యను నిర్ణయము సయితము దొరసానిదే. చిత్రములో మాటలు తక్కువ. గడీలో వాకిలి యూడ్చు చీపురు చప్పుడును, దొర చెప్పుల చప్పుడును, వానచప్పుడును వినబడును. మా యువకులు అరగంటలో లేచి బయటికి బోయిరి. వారిని నిందింపము, వేగమునకు అలవాటుపడిన కన్నులవి. ముసలమ్మలు మాత్రము కదలలేదు. ఒకామె తన నాయనమ్మ యే గడీకి అట్లు పోయినదో పేరు చెప్పెను. ఆ పేరు మేమిచట వ్రాయము. జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలలో గడీలపై 1978లో రైతుకూలీలు తిరుగబడినప్పుడు, ఆ సెప్టెంబరు 7వ తేదీని జగిత్యాలలో జరిగిన జైత్రయాత్రను జూచినవారు మా చావడిలో నిద్దరుండిరి. తరువాతి మాసమున నా తాలూకాలను గల్లోలిత ప్రాంతములుగా బ్రకటించిన సంగతి వారికి నోటిలెక్క. అట్టివారికి ఈ చిత్రము మెల్లగా నడచినట్లు తోచలేదు.

‘దసరా’ను గూర్చి వ్రాయవలసినది కొంచెమే. దర్శకులు శ్రీకాంత్ ఓదెలగారు సింగరేణి సీమ నెరిగినవారు. బొగ్గుమసి తెరమీదనుండి మన బట్టలకంటునట్లు చూపినారు, అందులకు వందనములు. కాని మొదటి షిఫ్టుకు బాయిలోనికి దిగి పనిచేయువాని దినచర్యను జూడగోరి కూర్చున్న మాకు, కదలు రైలుబండిమీదనుండి బొగ్గు దొంగిలించు పరుగును, కత్తిపోట్లును మిగిలినవి. ఊరికి గుండెకాయ సిల్కుబారను త్రాగుడుశాల. అందు లోపల గూర్చుండుటకు గొన్ని కులములవారికి హక్కులేదను సంగతి చిత్రములో బలమైన భాగమే. అయితే కథాకాలము మద్యనిషేధపు కాలము. ఆ నిషేధ మెట్లు వచ్చినది? 1992లో నెల్లూరు మండలమున దూబగుంట స్త్రీలు సారాయి దుకాణమును మూయించినది మొదలు ఉద్యమము రాష్ట్రమంతయు బ్రాకి, 1993లో సారాయిని, 1995 జనవరిలో సమస్త మద్యమును నిషేధింపజేసినది. 1997లో ఆ నిషేధమును ఎత్తివేసిరి. ఇంత చరిత్రలో స్త్రీలు చేసిన పని యీ కథకు గావలసి రాలేదు. లోపల గూర్చుండి త్రాగు హక్కు అందరికిని వచ్చుటయే సమానత్వమైనచో, త్రాగివచ్చినవాని కోసము తలుపు తీయుదాని సంగతి యెవరడుగవలెను? మాతో జూచిన పొరుగింటి టీచరమ్మగారి ప్రశ్న యిది.

ఇక ‘ఆర్. ఆర్. ఆర్.’ ఇది 2022లో వచ్చినది. దీని పాటకు 2023లో ఆస్కారు బహుమతి వచ్చినప్పుడు మేమును జప్పట్లు కొట్టితిమి. ఇది చరిత్ర గాదు, కల్పన యని నిర్మించినవారే చెప్పిరి. కనుక కొమురం భీము ఢిల్లీకి బోయెనా, అల్లూరి సీతారామరాజును గలిసెనా యని తగవులాడుట వృథ. ప్రారంభమున గోండు పల్లెలో దొరసాని పిల్ల పాట విని నాణెములు విసరుటయు, తల్లి వానిని పాటకిచ్చిన బహుమానమని యనుకొనుటయు, అవి పిల్లకు గట్టిన వెలయని తరువాత దెలియుటయు మిక్కిలి గొప్ప సన్నివేశము. కొరడాదెబ్బలు తినుచు మోకరిల్లని భీమును జూచి మా పిల్లలేడ్చిరి.

మాకు గష్టము దోచినది కడపటి ఘట్టము. నీకేమి కావలెనని రాముడడుగగా భీముడు చదువు కావలెనని వేడుకొనును. చదువు కోరుట మంచిదే, సంస్కారప్రియులకు జెవికింపైన మాటయే. అయినను జీవితచరిత్రకారులు చెప్పు భీముడు అట్లు చేయిచాచినవాడు గాడు. యౌవనమున బల్లార్షా, చాందా ప్రాంతములకు బోయి అచ్చాపీసులో బనిచేయుచు జదువను వ్రాయను నేర్చెననియు, అస్సాము తేయాకు తోటలలో గూలివాడై లోకము జూచెననియు, తిరిగివచ్చి నైజాము అటవీశాఖతోను బోలీసులతోను బోరాడెననియు వ్రాసిరి. 1940లో జోడేఘాటు కొండలలో నైజాము పోలీసులు ఆయనను జంపిరి. పోరాడినది దేశీయప్రభువుతో, భూమికొరకును అడవికొరకును. చిత్రములో ఆ శత్రువునకు మారుగా దెల్లదొర వచ్చినాడు, భూమికి మారుగా నొక పిల్ల వచ్చినది, చదివినవాడు చదువు యాచించువాడైనాడు. ఈ మూడు మార్పులలో మూడవదానిని మేము క్షమింపజాలము. అల్లం రాజయ్య, సాహు గార్లు కొండలవారి నోట విని వ్రాసిన ‘కొమురం భీము’ నవలను జదివిన మా యింటి పిల్లవాడు, “మరి భీమ్‌కు చదువొచ్చు గద?” యని యడిగి మమ్ము సంతోషపెట్టినాడు. అల్లాణి శ్రీధర్‌గారు భీమునిపై 1990లోనే చిత్రము నిర్మించిరి. అది ప్రజలయెదుటికి వచ్చుటకు 2010 వరకు వేచియుండవలసివచ్చెను. వందల కోట్ల చిత్రమునకు లోకమంతయు దెరలు తెరచుకొన్నవి.

భీము మరణానంతరము గోండులు తిరుగబడుటకు గారణమేమో తెలిసికొనుటకు నైజాము ప్రభుత్వము ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫుగారిని నియోగించినది. ఆయన భార్య బెట్టీతో మార్లవాయిలో గుడిసె కట్టుకొని నివసించి, గోండు ఉపాధ్యాయులకు శిక్షణపాఠశాల పెట్టించి, గోండీలో వాచకములు వ్రాయించి, భూములకు బట్టాల నిప్పించు పనిలో బాల్గొనిరి. 1987లో బెట్టీగారు మరణించినపుడు మార్లవాయిలోనే సమాధి చేసిరి. ఆయన 1995లో లండనులో గతించిరి. మేము కడపట జూచిన వార్తాచిత్రము ఆయన శిష్యులైన మైకేల్ యార్కుగారి తోడ్పాటుతో బి. బి. సి. వారు ‘వరల్డ్స్ అపార్ట్’ అను వరుసలో 1982లో వెలువరించిన ‘ది రాజ్ గోండ్స్’. ఇంద్రవెల్లిలో 1981 ఏప్రిల్ 20న గోండులపై దుపాకులు పేలినవి. ఆ మరుసటి యేడు వచ్చిన చిత్రమిది. దీపావళినాటి దండారి పండుగ ఇందలి వస్తువు. ఒక యూరి యువకులు నెమలియీకల కిరీటములతో గుస్సాడీలై మరియొక యూరికి అతిథులుగా బోయి యాడుదురు, పాడుదురు, అచటి కన్నెలు పాటతో బదులు చెప్పుదురు, సంబంధములును గలియును.

చూచుచున్నప్పుడు మాకు దోచిన లోపమొక్కటి. వ్యాఖ్యానమంతయు నాంగ్లమున నున్నది. వారిని గూర్చి వారికి దెలియని భాషలో నెవ్వరికో చెప్పుచున్నారు. అయినను మర్యాద గలిగిన కన్ను అది. ముసలిదాని ముడుతలను గాని, పిల్లవాని చీమిడిని గాని వింతగా జూపలేదు. మా తెలుగు చిత్రములలో గొండలవారు కనబడుట యరుదు. కనబడినప్పుడు డప్పు కొట్టి “హొయ్” యనుటకే కనబడుదురు. ఇచట వారు హాస్యమాడుదురు, అలుగుదురు, అతిథులకు దిండి చాలునో చాలదో యని చింతింతురు. నలువదియేండ్ల క్రిందటి పరదేశీయులు చేసినపాటి పనిని మనవారు చేయకపోవుటకు ధనాభావము కారణముగాదు.

నాడు మాతో జూచినవారిలో ఉట్నూరు వైపునుండి వచ్చి కరీంనగరములో డిగ్రీ చదువుచున్న గోండు విద్యార్థి యొకడుండెను. మేమంతయు దెర యడుగున బడు ఆంగ్లాక్షరములను జదువుచుండగా నతడు వానివంక జూడనేలేదు. గుస్సాడీలు వచ్చినపుడు మాత్రము ముందుకు వంగి, తుడుము మ్రోగగానే వేళ్లతో మోకాలిపై దెబ్బ వేసెను. మేము నవ్వని చోట రెండుమార్లు నవ్వినాడు. ఏమని యడిగితిమి. ఆడపిల్ల లతిథులను ఎత్తిపొడిచిన మాట యనియు, తెలుగులో జెప్పిన రుచి పోవుననియు జెప్పి యూరకున్నాడు. చిత్రము ముగిసినపిమ్మట దానిని తన సెల్ ఫోనులోనికి ఎక్కించి యిమ్మని యడిగినాడు.

“దీపావళికి ఇంటికి పోతున్న సార్. మా అవ్వకు చూపిస్త. అండ్ల ఎవలెవలున్నరో ఆమెకే ఎరుక.”